బస్సు వచ్చేదాకా పాట

అలాస్కా రేవు నుంచి ఆ రోజు మూడో పర్యాటకుల ఓడ కూడా వెళ్లిపోయింది. మేనకోడలు డప్పు పక్కన పెట్టి, వంశపు ఇంటి మెట్ల మీద మేనమామ పక్కన చతికిలబడింది.

“ఎన్నిసార్లు పాడావే ఇవాళ?”

“తొమ్మిదిసార్లు మామయ్యా. ఒక బస్సు జనానికి మొదటి చరణం అయ్యేసరికి ఇంకో బస్సు. సరదాకి తీగకి వేలాడుతూ కొండ మీంచి జారి వచ్చిన వాళ్లు కూడా నవ్వులాపి కళ్లు తుడుచుకున్నారు.”

“పోయినవాళ్ల కోసం పాడే ఏడుపు పాట కదా మరి. పరాయివాళ్ల ముందు పాడొచ్చని ఒప్పుకుంది నేనే, వంశపెద్దనని.”

“ఇప్పుడవన్నీ ఎందుకులే. కాళ్లు పీకేస్తున్నాయి.”

“రేపు మీ అమ్మమ్మ పోయి ఏడాదైనందుకు మనం పెట్టే విందు. మనం ఆ పాట మొత్తం పాడితేగానీ విందుకొచ్చిన అవతలి వంశం వాళ్లు లేచి మనల్ని ఓదార్చరు. ఒక్కసారి వినిపించు.”

“నీకు రాదా?”

“చిన్నప్పుడు ఒకట్రెండుసార్లు విన్నానంతే. మూడు చరణాలూ అమ్మమ్మ ఒక్క నీకే నేర్పి పోయింది.”

ఆమె డప్పు అందుకుంది. మొదటి చరణం నీళ్లలా సాగింది. చివర చెయ్యి దానంతటదే ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది.

“తర్వాత?”

“తర్వాత బస్సొచ్చేస్తుంది మామయ్యా.”