మా పెద్ద మేస్త్రిగారు తిరగేసి బిగించిన బేరింగు

1991 జూన్ మూడవ తేదీన మా వాహన మరమ్మతుశాలలో సహాయకులుగా చేరి, నేడు ప్రధాన మేస్త్రిగా పదవీ విరమణ చేస్తున్న మా గురుతుల్యులను ఈ సన్మాన సంచికలో అభినందించే బాధ్యత నాపై పెట్టారు. ఇది గర్వంగా రాయవలసిన వ్యాసం. సిగ్గుతో రాస్తున్నాను.

చేరిన కొన్నేళ్లకే, బానెట్ ఎత్తకుండా ఇంజను చప్పుడు విని రోగం చెప్పగల నేర్పు వల్ల వారికి 'చెవి మేస్త్రి' అనే బిరుదు స్థిరపడింది. పానా విసిరికొట్టేంత కోపమూ, సాయంత్రానికి తామే టీ తెప్పించి బుజ్జగించేంత మనసూ వారివి. లోపాలను చూపే కంప్యూటరు పెట్టె వచ్చాక, ముక్కు మీద కళ్లజోడు సర్దుకుంటూ దాన్నీ నేర్చుకున్నారు గానీ, ఆఖరి మాట మాత్రం చెవికే వదిలేవారు.

గత మాసంలో రోగులను చేరవేసే వ్యానుకు ముందు చక్రపు బేరింగును వారే స్వయంగా మార్చారు. బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఏబీఎస్ తాలూకు హెచ్చరిక దీపం ఆ మర్నాటి నుంచి ఆరలేదు. ఆ చక్రం సెన్సారుకు వేగం అందడం లేదని పెట్టె చెప్పింది. సెన్సారు మార్చారు, వైరు పరీక్షించారు, దీపం అలాగే ఉంది. చివరకు చక్రం తిప్పి, చెవి ఒగ్గి విని, "బేరింగు భేషుగ్గా ఉంది. డ్రైవరే గుంతలో పడేసి లోపలేదో వంచేశాడు" అని తేల్చారు.

"నేనెక్కడా పడెయ్యలేదండీ. బేరింగు మార్చినప్పట్నుంచే వెలుగుతోందండీ" అని డ్రైవరు మొత్తుకున్నాడు.

"చెవి మేస్త్రికే పాఠాలా?" అని మేమంతా నవ్వాం. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. అతణ్ణి బండి దింపి గేటు దగ్గర కాపలాకు కూర్చోబెట్టారు.

ఆ ఆదివారం మేస్త్రిగారు, ఆ వ్యాను నుంచి విప్పిన పాత బేరింగును ఇంట్లో బల్ల మీద పెట్టుకుని ఆలోచిస్తూ కూర్చున్నారు. పక్కనే చొక్కాకు గుండీ కుడుతున్న వారి సతీమణి, "ఇదేంటండీ, దీనికి సూది ఒకవైపే అతుక్కుంటోంది?" అన్నారట. మేస్త్రిగారు సూది అందుకుని రెండువైపులా ఆనించి చూశారు. పాతకాలపు బేరింగులు ఎటు తిప్పి బిగించినా నడిచేవి. ఇప్పటివాటికి ఒకవైపు అయస్కాంతపు పట్టీ ఉంటుంది, అది సెన్సారుకు ఎదురుగా ఉండాలి. తిరగేసి బిగించినా చప్పుడు రాదు గనుక ఏ చెవికీ దొరకదు. వెంటనే వచ్చి చక్రం విప్పి చూస్తే, పట్టీ బయటివైపు ఉంది. మరో బేరింగు సరిగ్గా బిగించి బండి నడపగానే దీపం ఆరిపోయింది.

మర్నాడు అందరి ముందూ డ్రైవరు దగ్గరికి వెళ్లి, "తప్పు నీది కాదు బాబూ. నేనే తిరగేసి బిగించాను" అన్నారు.

అతను గేటు దగ్గరి కుర్చీలోంచి లేచాడు. "మా పాపని బళ్లో అడిగారండీ, మీ నాన్న బండి పాడుచేశాడటగా అని. దానికి ఎవరు చెబుతారండీ?" అన్నాడు.

ఆ సాయంత్రం మేస్త్రిగారు నన్ను పిలిచి, "ఇది సంచికలో రాయి. రాయకపోతే నేను సభకు రాను" అన్నారు.

"సన్మాన సంచికలో ఇవన్నీ ఎందుకండీ? పరువు పోతుంది" అన్నాను.

"ఎవరి పరువురా? అతని పరువు మనం ఎప్పుడో తీశాం కదా!"

అందుకే ఈ సంచికలో చివరి మాటలు ఆ పాపకు. అమ్మా, మీ నాన్న బండిని ఏ గుంతలోనూ పడేయలేదు. ఆయన చెప్పిందే నిజం, వినకుండా నవ్వింది మేము. మా మేస్త్రిగారు సతీసమేతంగా, సంపూర్ణ ఆరోగ్యంతో చిరకాలం జీవించాలనీ, వీధిలో నువ్వు ఎదురైన రోజున తల ఎత్తి నిన్ను పలకరించగలగాలనీ మనసారా కోరుకుంటున్నాం.