ఎత్తు నుంచి పోసిన ఆపిల్ కల్లు

స్పెయిన్‌లోని అస్తూరియాస్ కొండల్లో ఇద్దరు స్నేహితులు కలిసి ఆపిళ్లు దంచి, పిండి, పీపాలో పులియబెట్టిన కల్లు ఆ రోజే బయటికి తీశారు. రుచి చూడటానికి ఒకడి మామగారు పెరట్లో కూర్చున్నారు.

"సెల్సో, ఇది కల్లు కాదురా, వెనిగర్. పీపా మూత బాగానే బిగించాను కదా."

"బిగించావు. నేనే రోజూ తెరిచి వాసన చూశాను."

"నీ ముక్కు తగలెయ్య. నచ్చకపోతే మా మామ వచ్చే ఏడు తోటలో కాయ ముట్టనివ్వడు."

"మన ఆనవాయితీ ప్రకారం సీసా నెత్తిమీదికెత్తి, మోకాలి దగ్గరున్న గ్లాసులోకి పోస్తాను. సగం నేలపాలవుతుంది, ఆయన తాగేది తగ్గుతుంది."

"అయితే బల్లెక్కి పొయ్యరా. ముప్పాతిక పోతుంది."

సెల్సో బల్లెక్కి పోశాడు. మామగారు గుటక వేసి లోపలికి వెళ్లారు.

"ఏమన్నాడ్రా? పోసేటప్పుడు గ్లాసుకేసి చూడకూడదని నేను ఆకాశం చూస్తున్నా."

"వంటింట్లోకి వెళ్లాడు."

"పెద్ద గ్లాసు కోసమేమో. నచ్చిందిరా."

"గ్లాసు కాదు. సలాడ్ ఆకులు, ఉల్లిముక్కలు పళ్లెంలో వేసుకుని వస్తున్నాడు."

"అయితే దిగిపోనా?"

"దిగొద్దంటున్నాడు. ఈసారి పళ్లెంలో పొయ్యాలట."