ఎర్ర రంగు ఉద్యోగం

హలో… ఆ, నేనే, బావనే. చెప్పు రేవంత్.

వచ్చిందా మెయిలు?… తెలుసు. రేపటి మీటింగ్ పెట్టింది నేనేగా.

నీ ఉద్యోగం గురించే. ఇంకేం ఉంటుంది?… లేదు, లేదు. ఇక్కడ డబ్లిన్ ఆఫీసులో ఎవరి చేతుల్లోనూ లేదిది. అమెరికా హెడ్డాఫీసు చార్టు పంపింది. అక్కడ ఏ పనికి జీతాలు పెరుగుతున్నాయి, ఏ పని పోతోంది అని. నర్సులు, ఎలక్ట్రీషియన్లు పైకి. మీ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ వాళ్లు ఎర్ర రంగులో, అట్టడుగున…

అమెరికా సంగతి మనకెందుకంటావేంటి? జీతమిచ్చేది వాళ్లేగా.

ఎలక్ట్రీషియనా? నువ్వా? నేవన్ ఊళ్లో మా ఇంట్లో బల్బు మార్చమంటే నిచ్చెన పట్టుకుని నిలబడ్డావు.

ఏ వీడియోలు?… ఓ, అవా. నీ పనంతా రికార్డు చేసి ఇమ్మన్నవి… ఆ, ప్రమోషన్ కోసమనే చెప్పాను. లేకపోతే ఇస్తావా? అవి చూపించే ఏఐకి నేర్పారు. అచ్చం నీలాగే చేస్తోంది. సెలవు అడగదు, అంతే.

ఆకాషా?… అవును, ఉంటాడు. మీ ఇద్దర్లో ఒకరిని ఉంచుకోమన్నారు… నువ్వే బాగా చేస్తావు, కాదనట్లేదు. కానీ రేపెవరికైనా తెలిస్తే? బావమరిదిని కాపాడుకున్నాడంటారు. నా పేరు ఏం కావాలి?

వర్క్ పర్మిట్టా… అది ఈ కంపెనీ మీదే కదా మరి, ఉద్యోగంతో పాటే పోతుంది. ఇంకో కంపెనీ వెతుక్కో.

మీ ఆవిడకి, శ్రీలేఖకి, ఇక్కడికి రావడానికి టికెట్ కొనేశావా? అయ్యో… పోనీలే, కడుపుతో ఉంది, ఏడో నెల కదా. అక్కడే పుట్టింట్లో ఉండటమే మంచిది.

…

ఏడవకు. నేను చెయ్యగలిగింది ఉంటే చెయ్యనా?

మీ ఉమక్కకి ఇప్పుడే చెప్పకు. శనివారం వ్రతం పెట్టుకుంది, మనసు పాడుచేసుకుంటుంది. నువ్వూ రా, కుర్చీలు సర్దాలి.

ఆ, ఇంకొకటి. రేపు హెచ్ఆర్ ఆవిడ కూడా కూర్చుంటుంది. అలవాట్లో బావా అనేయకు. పేరు పెట్టి పిలువు… ఇక్కడందరూ అంతేగా, ఏం తప్పు లేదు. కృష్ణప్రసాద్ అను. ఏదీ, ఒకసారి అను…

…

వినపడలేదు. గట్టిగా…

ఆ. అలాగే.

హలో?… హలో?…

…ఏం లేదు ఉమా. ఎవరూ కాదు. ఆఫీసు కాల్.