తాడు రెండో కొస

పిక్నిక్‌కి ముందు సాయంత్రం. వంటింట్లో ఆమె బంగాళాదుంపల తొక్క తీస్తోంది, ఆడపడుచు ఉడికిన గుడ్లు ఒలుస్తోంది. గడపలో కూర్చుని భర్త తాడు చుట్ట విప్పుతున్నాడు.

“మళ్లీ ఆ తాడెందుకండీ?”

“ఎందుకేంటి, పిల్లల నడుములకి కట్టడానికి. వాగంటే వాగే.”

“మోకాలి లోతు నీళ్లవి. బుడ్డోడు కూర్చుంటే గానీ మునగడు.”

“కూర్చోడని రాసిస్తావా?”

“అన్నయ్యా, నువ్వు మరీనూ. పోయినసారి అందరూ మనవైపే చూశారు. మేకల్ని కట్టేసినట్టు ముగ్గురూ వరసగా! మావాడైతే సిగ్గుతో చచ్చాడు.”

“సిగ్గుతో ఎవరూ చావరులే. నా దగ్గర పదో అంతస్తు గోడల మీద వేలాడుతూ రంగులేసేవాళ్లున్నారు. ఇంతవరకు ఒక్కడు జారాడా? ఎందుకు జారలేదు? నా తాడు, నా ముడి.”

“కట్టండి, కాదన్నానా? రెండో కొస ఎవరు పట్టుకుంటారని అడుగుతున్నా.”

“ఎవరేంటి, నువ్వే.”

“ఎప్పుడూ నేనేనా?”

“ఎప్పుడూ అంటే ఏదో రోజూ వాగుకి తీసుకెళ్తున్నట్టు!”

“ఈసారి నేనూ దిగుతానండీ. కాసేపే.”

“ఒడ్డున కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకో. ఎవరొద్దన్నారు?”

“కాళ్లు పెట్టుకోవడం కాదు. నడుస్తా. ఆ నల్లరాళ్ల దాకా వెళ్లొస్తా. అక్కడ చిన్న చేపలున్నాయమ్మా, వేళ్లు కొరుకుతాయమ్మా అని పిల్లలు వచ్చి చెప్పడమే గానీ, నేను చూసిందెక్కడ?”

“నిజమే వదినా. కితకితలు పెడతాయి. భలే ఉంటుంది.”

“నువ్వు ఎగదోయకు.”

“నేనేం ఎగదోశాను? ఉన్నమాటేగా. వదినా, తాడు నేనే పట్టుకుందును గానీ, నా నడుం సంగతి నీకు తెలుసు. బుడ్డోడు ఒక్క గుంజు గుంజితే ముందు నేనే పడతాను వాగులో.”

“నీళ్లలో గెంతేటప్పుడు లేదే నడుం నొప్పి?”

“అదేంటో వదినా, నీళ్లలో తెలీదు.”

“పోనీ, పిల్లలు పైకొచ్చి అన్నాలు తినేటప్పుడు దిగుతా. అప్పుడు తాడుతో పని లేదుగా.”

“అప్పుడు వడ్డించేదెవరు?”

“తిన్నాక?”

“తిన్నాక పిల్లలు మళ్లీ దిగుతామని గొడవ చేస్తారు. గిన్నెలు కడుక్కుని సర్దుకునేసరికి ఎండ దిగిపోతుంది.”

“అయితే కాసేపు మీరే పట్టుకోండి.”

“నేనా? దీని మొగుడు ఊరుకుంటాడా? పేకముక్కలు పంచాడంటే ఇక లేవనివ్వడు.”

“ఒక చేత్తో ముక్కలు, ఒక చేత్తో తాడు.”

“అదిగో, అదే పనికిరాదు. తాడు పట్టుకున్నవాడికి ఇంకో పని ఉండకూడదు. నా దగ్గర పైన కూర్చున్నవాడు ఫోను బయటికి తీస్తే ఆ పూటే ఇంటికి పంపించేస్తా. పక్కకి చూడ్డు, కబుర్లు చెప్పడు, లేవడు. కింద వేలాడేవాడి ప్రాణం వాడి చేతిలో ఉంది మరి.”

“పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా వాడొక్కడేనా?”

“ఒక్కడెలా కూర్చుంటాడు? చేతులు తిమ్మిరెక్కిపోవూ? గంటగంటకీ మారుస్తాం. బదులు మనిషి పక్కనే ఉంటాడు.”

“మరి నాకేడండీ, బదులు మనిషి?”

“దొరికావన్నయ్యా! చెప్పు.”

“పని వేరు, పిక్నిక్ వేరు.”

“తాడు ఒకటేగా.”

“అయినా ఈ తాడు కట్టడం మొదలెట్టక ముందు, ఆ రోజు జరిగిందానికి, నీకు మళ్లీ నీళ్లలో దిగాలని ఎలా అనిపిస్తోందో నాకర్థం కాదు.”

“ఆ రోజు సంగతి ఎత్తకండి.”

“ఎత్తక? బుడ్డోడు నీళ్లు మింగి, మొహం నీలంగా అయిపోయి...”

“నీలంగా ఏం కాలేదు. దగ్గాడు. లేపి నిలబెట్టాను, మళ్లీ ఆడుకున్నాడు. అప్పుడు మీరెక్కడున్నారో?”

“చాప మీద. తిన్నాక కన్ను అంటుకుంది. నువ్వున్నావనేగా ధైర్యంగా పడుకున్నా!”

“అబ్బ, ఆ పాత పురాణం ఎందుకన్నయ్యా ఇప్పుడు? వదిన నోరు తెరిచి ఒకటి అడిగింది. దిగనీ.”

“సరే.”

“సరే అంటే?”

“సరే అంటే సరే. దిగు. బదులు మనిషిని పెడతా.”

“నిజంగానా? ఎవర్ని?”

“పెద్దది ఉందిగా.”

“దానికి తొమ్మిదేళ్లండీ!”

“ఏం, తక్కువా? దాని పట్టు గట్టిది. బుడ్డోడిలా కాదు, చెప్పిన మాట వింటుంది. ముడి వేయడం నేర్పిస్తూనే ఉన్నా. నా దగ్గర కొందరికి రాదు అంత బాగా.”

“ఎప్పుడు నేర్పించారు? నాకు చెప్పలేదే?”

“నీకే కాస్త సాయంగా ఉంటుందని. ఎప్పటికైనా నేర్చుకోవాల్సిందేగా, రేపు దానికీ పిల్లలు పుట్టరూ? పెద్దమ్మాయీ! ఇలా రా తల్లీ!”

“పిలవకండి. వద్దు. నేను దిగన్లెండి. నేనే పట్టుకుంటా.”

“ఇంతసేపూ దిగుతా దిగుతా అని ప్రాణం తీశావు!”

“ఇప్పుడు వద్దంటున్నాగా. అది దిగాలి. అది చూడాలి చేపల్ని.”

“వదినా, కత్తి అలా పట్టుకోకు, తెగుతుంది.”

“పిలిచావా నాన్నా?”

“రేపు వాగు దగ్గర తాడు ఎవరు పట్టుకుంటారు తల్లీ?”

“నేనే! అమ్మా, నువ్వు నల్లరాళ్ల దాకా వెళ్లొచ్చు. వాళ్లిద్దర్నీ నేను చూసుకుంటా.”

“నువ్వొద్దమ్మా. నువ్వు ఆడుకో. నీళ్లంటే నీకిష్టం కదా?”

“ఇష్టమే. పర్లేదులే.”

“చెప్తే విను. నాకు అలవాటే, నేను పట్టుకుంటా. నీకు రాదు.”

“నాకొచ్చు. నాన్న అంతా చెప్పాడు. ఆ రోజు నువ్వు నీళ్లలో నవ్వుతూ ఉండిపోయావంట, అందుకే తమ్ముడు పడ్డాడంట. భయపడకమ్మా, నేను అస్సలు నవ్వను.”