ఫొటో మీద రిజర్వేషన్

ఖరగ్‌పూర్ గోల్‌బజార్లో మహీధర్ స్టూడియో. గిన్నెల కొట్టు కొండలరావు వచ్చి కూర్చున్నాడు.

“నీ స్టూడియో పేరుతో మార్కు ఏస్తే మా హేమశ్రీ ఫొటో ఎవడూ ఎత్తుకుపోడన్నావు గదా మహీధరూ. నిజమే. ఇప్పుడు పెళ్లికొడుకోళ్లు కూడా వద్దంటన్నారు.”

“ఏటయినాది కొండలరావు బాబాయ్? మార్కు సరిగ్గా పడలేదా?”

“పడినాది. ముక్కు మీంచి గెడ్డం దాకా పడినాది. ఇంగిలీషులో ఏటి రాసినావక్కడ?”

“ఆల్ రైట్స్ రిజర్వ్‌డ్. ఎవరూ కాపీ కొట్టకుండా అందరూ రాసేదే.”

“ట్రాఫిక్ కాలనీలో ఉండే ఆ పెళ్లికొడుకు తండ్రి ఎవరో ఎరుగుదువా? రిటైరైన టీసీ. కళ్లజోడెట్టుకుని మరీ సదివినాడు. పిల్ల రిజర్వ్ అయిపోయినాదని మీరే రాసి మళ్లీ మాకెందుకు పంపినారండీ అన్నాడు.”

“అయ్యో, అది ఫొటోకి బాబాయ్, పిల్లకి కాదు.”

“నానూ అదే సెప్పినాను. ఫొటో ఒకరిదీ పిల్ల ఇంకొకరిదీనా అన్నాడు. వాళ్లావిడ ఎనకనుంచి ఆరేసీ అయినా ఉందేమో కనుక్కోమంటంది.”

“ఆరేసీయా?”

“ముందు బుక్ సేసుకున్నోడు కేన్సిల్ సేసుకుంటే మాకు సెప్పండని. అసలెవడూ బుక్ సెయ్యలేదు బాబూ అంటే, మరి అబద్ధం ఎందుకు రాయించినారంటాడు. నానేటి సెప్పను?”

“ఉండండి, ఆయనతో నేను మాట్లాడతాను.”

“నువ్వొద్దు. రిజర్వ్‌డ్ మీద నీ పేరే ఉంది. బుక్ సేసుకున్నోడివి నువ్వే అనుకుంటన్నాడు.”

“నాకా? నాకిద్దరు పిల్లలు బాబాయ్.”

“అదీ సెప్పినాను. అప్పుడే ఫోన్ ఎట్టీసినాడు.”

“పోనీ మార్కు తీసేసి పంపించమంటారా?”

“తీసేస్తే మళ్లీ దొంగలు. మొన్న టోటో ఆటో ఎనకాల బోర్డు మీద, మొలల డాక్టర్ పక్కన, నా కూతురు నవ్వుకుంటా ఝపటాపూర్ అంతా తిరగలేదూ? పక్కకొట్టు బెంగాలీ దాదా వచ్చి ‘మేయే భాలో ఆఛే తో’ అని, పిల్లకి నయమైనాదా అని అడిగినాడు. సిగ్గుతో సచ్చినాను. అడక్కుండా ఆడపిల్ల ఫొటో వాడుకున్నోడికి బుద్ధుండక్కర్లేదా?”

“ఉండాలి నాన్నా.”

“హేమా? నువ్వెప్పుడొచ్చినావు?”

“ఇప్పుడే. మహీధరన్నా, ఆ మార్కు తియ్యకు.”

“నీకు తెల్దమ్మా. మంచి సంబంధం అది.”

“ఆ టోటో వాడికి నా ఫొటో ఎక్కడ దొరికినాది నాన్నా?”

“మనోళ్ల వాట్సాప్ గ్రూపులో.”

“గ్రూపులో ఎవరెట్టినారు?”

“నానే ఎట్టినాను. నలుగురూ సూస్తే సంబంధాలొస్తాయని.”

“నీకెక్కడిది?”

“నీ ఫోన్లోదే. నువ్వు నీళ్లోసుకోడానికెళ్తే... అలాగే... పంపించుకున్నాను. తండ్రిని గదా, నన్ను కూడా అడగమంటావేటి?”

“ఫొటో సంగతి వదిలీ నాన్నా. పెళ్లి సేసుకుంటావా అని నన్నెప్పుడైనా అడిగినావా?”