తంటెమా, కసివిందా?

నా వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న ప్రిన్సిపాల్ అరుణ్‌కుమార్ గారికి, వేదిక మీది పెద్దలకు, తోటి అధ్యాపకులకు, నా మీద ప్రేమతోనో బిర్యానీ మీద ప్రేమతోనో ఇంతసేపు కదలకుండా కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. (నవ్వులు)

ముప్పై ఏళ్లు ఈ కరీంనగర్‌లో వృక్షశాస్త్రం చెప్పిన సరళాదేవికి తెలియని మొక్క లేదని దేవదాస్ గారు ఇప్పుడే పొగిడారు. ఆ మాటకు ముందు వరుసలో మా ఇంటాయన శ్యాంసుందర్‌రావు గారికి పొలమారింది, చూశారా? ఎందుకో చెప్పి పోతాను.

మన ల్యాబ్‌లో అట్టకు అంటించిన ఎండు మొక్క ఒకటుంది. కింద ‘తంటెం’ అని పేరు, ‘గుర్తించినవారు’ అన్నచోట నా సంతకం. తంటెం, కసివింద అక్కాచెల్లెళ్లు. రెండింటివీ పసుపు పూలే, రెండూ వానలు పడగానే దారి పక్కన లేస్తాయి. తంటెం ఆకు కొస గుండ్రం, దాన్ని వండుకుంటాం; కసివింద ఆకు కొస మొన, దాన్ని వండం. పోయిన వానాకాలం నా అట్టనే నమ్ముకుని లేతాకు కోసుకొచ్చి పప్పులో వేశాను. పెళ్లయిన నాటి నుంచి నా వంటకు వంక పెట్టని మనిషి, ఆ రోజూ పెట్టలేదు పాపం, మారు వడ్డించుకుని తిని, రెండు రోజులు లుంగీ ముడి బిగించుకునే తీరిక లేకుండా తిరిగారు. (నవ్వులు) మీరు నవ్వండి, ఆయన ఇంకా నవ్వలేదు. అప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని అట్ట మీది ఆకులు చూశాను. అన్నీ మొనలే!

ఈ తప్పు నాకు పన్నెండేళ్ల కిందనే ఒకరు చెప్పారు. రేపటి నుంచి నా కుర్చీలో కూర్చోబోయే ఈ హర్షిణే, ప్రాక్టికల్ పరీక్షలో ఆ అట్ట చూసి, “ఇది తంటెం కాదు మేడం, కసివింద. మా అవ్వ చూపెట్టింది” అన్నది. “మీ అవ్వ ఏ యూనివర్సిటీల చదివింది?” అన్నాను నేను. ల్యాబంతా గొల్లుమంది. ఆ పిల్ల మళ్లీ నా క్లాసులో నోరు విప్పలేదు.



నిన్న ఆ అట్ట మీద నా పేరు కొట్టేసి ‘కమలవ్వ, హుస్నాబాద్’ అని రాశాను. హర్షిణిని కన్న ఆ అవ్వ ఈ రోజు కలుపు కూలి మానుకుని వచ్చి, అదిగో, మూడో వరుసలో కూర్చుంది. కమలవ్వా, మీ బిడ్డ నిజం చెప్పింది. నలుగురిలో మిమ్మల్ని చులకన చేశాను. నలుగురిలోనే అడుగుతున్నా, నన్ను క్షమించండి.

ఏంది అవ్వా? జర గట్టిగా చెప్పండి... వెనకవాళ్లకు వినబడలేదు, నేనే చెప్తాను. “గీ ముచ్చట నా బిడ్డ నాకు చెప్పనే లే మేడం. మా మేడం అసొంటి మేడం ఎక్కడ లేదనుకుంటనే తిరిగింది” అంటున్నది.

హర్షిణీ...

ఇంకా రెండు పేజీలు రాసుకొచ్చాను. చదవడం నా వల్ల కాదు. అందరికీ పేరుపేరునా దండాలు. సెలవు.