అబద్ధానికి వెలిగే దీపం

కోతలు కోయడానికి కొడవలి అక్కర్లేదు, వినేవాళ్ళుంటే చాలు. ఆ మధ్యాహ్నం బావగారి వరండాలో ఫ్యూజుకు వినేవాళ్ళు దొరికారు.

ఆ పేరు పెట్టింది బావే. బావమరిది ఏ బండిలో చెయ్యి పెట్టినా ముందు పోయేది ఫ్యూజేనట. ఆ మాట అక్కకు ఏనాడూ నచ్చలేదు గానీ, కాదనడానికి ఆధారమూ దొరకలేదు.

ఎదురుగా షెడ్డులో కారు ఉంది. బావది వడ్రంగం పని. ఎక్కడో పడి ఉన్న పాత కారు డొక్కు తెచ్చి, వెల్డరు చేత అతుకులు వేయించి, అందులో వేరే కారు ఇంజను కూర్చోబెట్టాడు. ఆ ఇంజనుతో వచ్చిన కంప్యూటర్ పరాయి కారులో పనిచేయనని మొండికేసింది. దాంతో ఏ ఇంజను సంగతైనా నేర్చుకోగలిగే కంప్యూటర్ ఒకటి విడిగా కొన్నారు. దాన్ని బిగించి, వైర్లు లాగి, ఏ వేగానికి ఎంత పెట్రోలు పోయాలో దానికి నేర్పాలి. పేరున్న వర్క్‌షాపుకు ఇద్దామన్నాడు బావ. "ఇంట్లో తమ్ముణ్ణి పెట్టుకుని బయటివాళ్ళెందుకు?" అంది అక్క. ఆ మాట అన్నప్పటి నుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు.

ఇవాళ మొదటిసారి స్టార్ట్ చేయాలి. బ్యాటరీ చార్జింగు ఎక్కుతోంది. ఎక్కేదాకా టీ తాగుతూ కూర్చున్నారు. బావ, వెల్డరు, బావ తల్లి, గుమ్మంలో అక్క.

"ఇదొక పనా బావా?" అన్నాడు ఫ్యూజు, గ్లాసు గట్టు మీద పెట్టి. "మొన్నొక నల్ల కారు చేశాను. ఎలుకలు వైర్లన్నీ కొరికేశాయి. పాపం ఓనరు ఎక్కని గడప లేదు, చివరికి నా దగ్గరకొచ్చాడు. నేను పెద్ద పెద్ద మాటలు చెప్పే మనిషిని కాదు కదా, 'చూద్దాం సార్' అన్నాను, అంతే. పాత కంప్యూటర్ పీకి కొత్తది పెట్టి, కాగితం మీద ఒక్క గీత గీసుకోకుండా, పొద్దున్న కూర్చుని సాయంత్రానికి మొత్తం లాగేశాను."

నల్ల కారు ఉన్న మాట నిజమే. తమ్ముడు దానికి హారన్ మార్చాడు. అంతే, ఆ సంగతి అక్కకు తెలుసు.

"కాగితం లేకుండానా?" అన్నాడు వెల్డరు.

"కళ్ళు కూడా లేకుండా! కరెంటు పోయింది. చీకట్లో వైరు పట్టుకుంటే రంగు తెలిసిపోతుంది నాకు. ఎరుపు కాస్త వెచ్చగా ఉంటుంది. సరే, అది వదిలేయ్. లాప్‌టాప్ తగిలించి ట్యూనింగ్ మొదలుపెట్టాను. పెట్రోలు కొంచెం తగ్గించా, బండి బాగుంది. ఇంకొంచెం తగ్గించా, ఇంకా బాగుంది. తగ్గిస్తూ తగ్గిస్తూ వెళ్ళి సున్నా పెట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఆగిపోయింది," అన్నాడు బావ.

"ఆగితే నేను చెప్పడమెందుకు? వాసన మీద నడిచింది బావా! పెట్రోలు వాసన మీద! పల్లంలో దిగేటప్పుడైతే ముల్లు పైకి లేస్తోంది, ట్యాంకు నిండుతోంది. బంకు ముందు నుంచి పోతుంటే ఆ కుర్రాళ్ళే అడ్డంపడి, 'అన్నా, మాకు కాస్త పోసి వెళ్ళు' అన్నారు."

వెల్డరు నవ్వు ఆపుకోలేక టీ ఒంటి మీద పోసుకున్నాడు. బావ నవ్వలేదు, షెడ్డు వైపే చూస్తున్నాడు. అక్క తమ్ముడి కాళ్ళ వైపు చూసింది. మోకాలు ఆగకుండా ఊగుతోంది. చిన్నప్పటి నుంచీ వాడింతే. భయం ఎంత ఉంటే కోత అంత. పరీక్ష రోజు పొద్దున్నే వీధంతా తిరిగి ఫస్టు వస్తానని చెప్పొచ్చేవాడు.

"ఇక స్పీడు సంగతి," అంటూ ఫ్యూజు గొంతు పెంచాడు. "వీధి మొదట్లో హారన్ కొట్టి బయల్దేరా. ఊరు దాటా, వంతెన దాటా, పక్క ఊరూ దాటా. అప్పుడు వెనక నుంచి హారన్! ఎవడో తొందరలో ఉన్నాడు, పోనీలే అని పక్కకు తీసి దారిచ్చా. ఎవడూ రాడే! చూస్తే ఏమిటి? నేను వీధి మొదట్లో కొట్టిన హారనే, అప్పటికి నన్ను అందుకుంది!"

"దారిచ్చావు కదా, మంచి పని చేశావు," అంది బావ తల్లి, తలైనా ఎత్తకుండా. ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"అది కూడా ఏం కాదత్తయ్యా, అసలు గొప్ప వేరే ఉంది. ఆ కంప్యూటర్‌కు ఎన్ని నేర్పానంటే దానికి మనిషి తెలివి వచ్చేసింది. ఇంజను దీపం ఉంటుంది చూడండి, ఏదైనా తేడా వస్తే ముందు వెలిగే పసుపు దీపం? కారులో కూర్చుని ఎవరు అబద్ధమాడినా అది వెలిగేది! ఓనరు ఫోనులో పెళ్ళాంతో 'ఆఫీసులో ఉన్నానే' అన్నాడు, భగ్గుమంది. 'దారిలో ఉన్నాన్రా' అని ఫ్రెండుతో అన్నాడు, మళ్ళీ భగ్గుమంది. చివరికి నా కాళ్ళు పట్టుకున్నాడు. 'నాయనా, పెట్రోలు మిగిలింది గానీ కాపురం మిగిలేట్టు లేదు, ఆ తెలివి తీసెయ్' అని ఏడ్చాడు. నేను తీయలేదు. పైగా అదే ట్యూనింగు ఇప్పుడు మన కారుకీ ఎక్కించాను!"

బావ తల్లి చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టింది. చీర కుచ్చెళ్ళు దులుపుకుంది.

"అయితే లే అబ్బాయ్. ఇదే కథ ఆ కారులో కూర్చుని మళ్ళీ చెప్పు."

ఫ్యూజు ఖాళీ గ్లాసు ఎత్తి మళ్ళీ తాగబోయాడు. బావ అప్పటికే లేచి చార్జరు తీసేస్తున్నాడు. అందరూ షెడ్డులోకి నడిచారు. ఫ్యూజు స్టీరింగు ముందు కూర్చుని, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, తాళం సగం తిప్పాడు.

పసుపు దీపం వెలిగింది.

"ఇంకా నోరే విప్పలేదు కదయ్యా!" అంది పెద్దావిడ.

వెల్డరు కడుపు పట్టుకుని బానెట్ మీద వాలిపోయాడు. తాళం తిప్పగానే ఏ కారులోనైనా ఆ దీపం వెలుగుతుందనీ, ఇంజను అందుకున్నాక ఆరుతుందనీ ఫ్యూజుకు తెలుసు. చెప్పబోయి మానుకున్నాడు. తాళం పూర్తిగా తిప్పాడు. ఇంజను గిరగిరా తిరిగింది గానీ అందుకోలేదు. ఇంకోసారి తిప్పినా అంతే.

నవ్వులు ఆగిపోయాయి. బావ భార్య వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేదనిపించింది అక్కకు.

ఫ్యూజు లాప్‌టాప్ వైపు వంగాడు. ఇంజను తిరిగేటప్పుడు వేగం చూపించే అంకె నిలకడగా ఉండాలి. ఇందాక రెండుసార్లూ అది కోతిలా గెంతింది. దిగి, కంప్యూటర్ నుంచి వచ్చే వైర్లను ఒక్కొక్కటే వేలితో తడుముకుంటూ పోయి, ఎర్తు వైరు బాడీకి బిగించిన చోట ఆగాడు. బోల్టు కింద రంగు తళతళలాడుతోంది. రంగు అడ్డముంటే కరెంటు ఇనుముకు సరిగ్గా అందదు.

"దాని మీద నేనే ఇంకో పూత వేశాను," అన్నాడు వెల్డరు మెల్లగా. "వైరు ఊడదీసి మళ్ళీ బిగించా. తుప్పు పడుతుందేమోనని."

ఫ్యూజు అతన్ని ఒక్క మాటా అనలేదు. బోల్టు విప్పి, గరుకు కాగితంతో ఇనుము తెల్లగా బయటపడేదాకా గీకి, మళ్ళీ బిగించాడు. తమ్ముడు అంతసేపు మాట్లాడకుండా ఉండటం అక్క ఎరగదు. మోకాలు కూడా ఊగడం లేదు.

వచ్చి కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను ఒకసారి దగ్గింది, రెండోసారి ఉరిమింది, ఆ పైన గొంతు సర్దుకుని నిలకడగా పాడసాగింది. పసుపు దీపం ఆరిపోయింది.

బావ బానెట్ మీద అరచెయ్యి ఆనించి, ఆ వణుకును కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత భార్య వైపు చూసి తలూపాడు. అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఎలా పట్టేశావురా అంత చప్పున?" అన్నాడు బావ, కిటికీలోకి వంగి.

ఫ్యూజు వెనక్కి జారగిలబడ్డాడు. గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. "అదా బావా? ఇదసలు నాకొక లెక్కే..."

"అబ్బాయ్," అంది పెద్దావిడ, "ఏం చెప్పినా కిందికి దిగి చెప్పు. ఇప్పుడిప్పుడే ఆరింది దీపం."